పండగ చేసే బడి

న్యూజెర్సీలో మా పేటకు దగ్గర్లో ఒక సినగాగ్, అంటే యూదుల ప్రార్థనాలయం. దాని కింది అంతస్తులో పొడుగాటి బల్ల. డిసెంబరు మొదటి ఆదివారం పొద్దున ఆ బల్ల దగ్గర కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్ల ముందు మూడే వస్తువులున్నాయి. స్నానాల గది గోడకు వేసే కోలపాటి తెల్ల టైల్ ఒకటి, హార్డ్‌వేర్ కొట్లో డబ్బాల కొద్దీ దొరికే ఇనప నట్లు పదకొండు, గట్టిగా పట్టే జిగురు ట్యూబు ఒకటి. వీటితో ఆ పిల్ల హనుక్కా పండక్కి దీపపు సెమ్మె చేయాలి. ఇంటికి పట్టుకెళ్లి ఎనిమిది రాత్రులు నిజంగా నిప్పు ముట్టించే సెమ్మె.

పిల్ల స్కేలు పెట్టి పెన్సిలుతో గీత గీసింది. గీత మీద ఎనిమిది నట్లు వరసగా పేర్చింది. మిగిలిన మూడింటినీ ఒకదాని మీద ఒకటి దొంతర పెట్టి ఓ చివర నిలబెట్టింది. జిగురు పూయబోతుంటే టీచరమ్మ వచ్చి, ఏమీ అనకుండా తన చూపుడువేలు రెండు నట్ల మధ్య దూర్చి చూసింది. దూరింది. పక్క జంట దగ్గర దూరలేదు. పిల్ల నాలిక కరుచుకుని ఆ నట్టును జరిపింది. అది జరిగేసరికి దాని తర్వాతవన్నీ జరపాల్సి వచ్చింది. ఎనిమిదో నట్టు టైల్ అంచు దాకా పోయింది. మళ్లీ మొదటి నుంచి పేర్చుకుంది.

ఆ వేలి కొలత వెనక ఒక నియమం ఉంది. హనుక్కా దీపాలు దేనికది విడిగా కనిపించాలి. రెండు మంటలు ఒకదాన్నొకటి తాకి కలిసిపోతే అది దీపాల వరస అనిపించుకోదు, చలిమంట అవుతుంది. కిటికీలో పెట్టిన ఆ దీపాలను చూసి వీధిన పోయేవాళ్లు ఇది ఎన్నో రాత్రో లెక్క కట్టగలగాలి. ఎనిమిదీ ఒకే ఎత్తున ఉండాలన్నది ఇంకో నియమం. ఒకే డబ్బాలోంచి తీసిన నట్లు గనక ఎత్తు దానంతటదే కుదురుతుంది. ఈ వెలుతురును చూసి ఆనందించాలే తప్ప దాని దగ్గర కూర్చుని చదువుకోవడం, కూరలు తరుక్కోవడం కుదరదు. అందుకని మిగతావాటిని ముట్టించడానికి, పొరపాటున ఆ వెలుగును వాడుకున్నా లెక్క తనమీద వేసుకోవడానికి తొమ్మిదో దీపం ఒకటి ఉంటుంది. దాని పేరు షమాష్, అంటే సేవకుడు. ఎనిమిదింట్లో ఒకటని ఎవరూ పొరబడకుండా అది ఎత్తుగానో పక్కగానో ఉండాలి. మూడు నట్ల దొంతర అదే. ఇక టైల్ సంగతి: కొవ్వొత్తి అడుగంటా కాలిపోయి మంట నట్టులోకి దిగినప్పుడు చెక్కయితే అంటుకుంటుంది, టైల్‌కు ఏమీ కాదు. ఎవరు కనిపెట్టారో గానీ, ఈ నట్ల సెమ్మె అమెరికాలోని యూదుల ఆదివారం బళ్లలో ఊరూరా కనిపిస్తుంది. కొవ్వొత్తి మొదలుకు నట్టు రంధ్రం సరిగ్గా సరిపోతుందని మొదట గమనించిన టీచరుకు దండం పెట్టొచ్చు.

జిగురు ఆరేలోపు పిల్లలకు లెక్క ఇచ్చారు. మొదటి రాత్రి ఒక దీపం, రెండో రాత్రి రెండు, అలా ఎనిమిదో రాత్రికి ఎనిమిది. రోజూ ఒక సేవకుడు అదనం. మొత్తం ఎన్ని కొవ్వొత్తులు కొనాలి? ఒకడు వేళ్ల మీద, ఒకమ్మాయి కాగితం మీద కూడారు. ముప్ఫై ఆరూ ఎనిమిదీ కలిపి 44. టీచరమ్మ కొవ్వొత్తుల పెట్టె తిప్పి చూపించింది. పెట్టె మీద అచ్చంగా అదే అంకె. ఆ తర్వాత నింపే పద్ధతి: కొవ్వొత్తులు కుడి చివర నుంచి మొదలుపెట్టి ఎడమకు నింపుకుంటూ రావాలి. ముట్టించేటప్పుడు మాత్రం ఎడమ నుంచి, అంటే ఆ రోజు కొత్తగా వచ్చినదాన్ని ముందు. రెండు వేల ఏళ్ల కిందట రోజుకెన్ని దీపాలన్నదాని మీద రెండు గురుకులాలకు వాదం నడిచింది. ఎనిమిదితో మొదలుపెట్టి రోజుకొకటి తగ్గించాలన్నారు షమ్మాయి వర్గంవాళ్లు. ఒకటితో మొదలుపెట్టి పెంచాలన్నారు హిల్లెల్ వర్గంవాళ్లు. హిల్లెల్ మాటే నిలిచింది. క్లాసులో ఒక కుర్రాడు షమ్మాయి పక్షం పట్టాడు, మొదటి రోజే పెద్ద మంట చూడొచ్చు గదా అని. టీచరమ్మ వాడి మాట కొట్టిపారేయకుండా రెండు పక్షాలకూ చేతులెత్తించి ఓట్లు లెక్కపెట్టింది.

ఈ బడి రోజూ నడిచే బడి కాదు. వారమంతా పిల్లలు అందరితోపాటు మామూలు అమెరికన్ బడికే పోతారు. ఆదివారం పొద్దున రెండు మూడు గంటలు, కొన్నిచోట్ల వారం మధ్యలో ఇంకో సాయంత్రం, సినగాగ్‌లో హీబ్రూ అక్షరాలు, ప్రార్థనలు, చరిత్ర, పండగలు నేర్చుకుంటారు. ఎక్కువమందికి ఇది పన్నెండు పదమూడేళ్లకు, బార్ మిత్స్వా, బాత్ మిత్స్వా వేడుకలతో ముగుస్తుంది. సెలవులు, మంచు, ఫుట్‌బాల్ మ్యాచులు పోగా చేతిలో మిగిలే కాలం పిడికెడు. అంత తక్కువ వేళలో మూడు వేల ఏళ్ల వ్యవహారం అందించాలంటే ఏదో ఒక ఉపాయం కావాలి. ఆ ఉపాయం పండగ. సంవత్సరంలో వచ్చే ప్రతి పండగా ఒక పాఠ్యపుస్తకం. ప్రతి పండక్కీ పిల్ల చేత్తో చేయాల్సిన వస్తువు ఒకటి ఉంటుంది, పాఠం ఆ వస్తువులో ఉంటుంది.

ఈ పద్ధతి ఒక్కరోజులో పుట్టలేదు. అమెరికాలో మొదటి యూదు ఆదివారం బడిని 1838లో ఫిలడెల్ఫియాలో రెబెక్కా గ్రాట్జ్ అనే ఆవిడ మొదలుపెట్టింది. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి చదివే బడి, ఫీజు లేదు, పాఠాలు చెప్పేది ఆడవాళ్లే. పుస్తకాలు మాత్రం లేవు. దొరికినవి క్రైస్తవుల ఆదివారం బళ్ల కోసం అచ్చయినవి. వాటిలో యూదు పిల్లలకు పనికిరాని జవాబుల మీద కాగితం ముక్కలు అతికించి వాడుకున్నారు. ఎండాకాలపు రోజులెన్నో అలా ముక్కలు అంటిస్తూ కూర్చున్నట్టు, ఆ బడితో అనుబంధం ఉన్న రోసా మోర్డెకాయ్ తర్వాత రాసుకుంది. కత్తెర, జిగురు, కాగితం ఈ బడిలో మొదటి రోజు నుంచీ ఉన్నాయన్నమాట. తర్వాత 1910లో న్యూయార్క్‌లో సామ్సన్ బెండర్లీ యూదు విద్యకు ఒక బ్యూరో నడపటం మొదలుపెట్టాడు. వైద్యం చదివి పంతులుగా మారిన మనిషి. పాటలు, నాటకాలు, చేతిపనులు, లాంతరుతో తెర మీద వేసే బొమ్మలు తరగతి గదిలోకి తెచ్చాడు. అంతకు ముందు యూరప్ పద్ధతిలో ఇరుకు గదిలో పంతులు బెత్తం పట్టుకుని అక్షరాలు వల్లె వేయించేవాడు. ఆ వల్లెవేత ఈనాటికీ పూర్తిగా పోలేదు, ఆ మాట మళ్లీ చెప్తాను.

అక్షరాల దగ్గర కాసేపు ఆగాలి. హీబ్రూలో అక్షరాలు 22, రాత కుడి నుంచి ఎడమకు. ఐదు అక్షరాలకు మాట చివర వస్తే వేరే రూపం. తెలుగువాడికి చప్పున అందేది గుణింతం. అక్షరాల కిందా పైనా లోపలా చుక్కలూ గీతలూ పెట్టి స్వరాలు చూపిస్తారు. ఒక అక్షరం కడుపులో చుక్క పెడితే ‘బ’, తీసేస్తే ‘వ’. మూడు కొమ్మల అక్షరం ఒకటుంది, దాని కుడి కొమ్మ మీద చుక్క పెడితే ‘ష’, ఎడమ కొమ్మ మీద పెడితే ‘స’. పిల్లల పుస్తకాల్లో ఈ చుక్కలన్నీ ఉంటాయి. యూదుల పవిత్ర గ్రంథమైన తోరా చుట్టలో ఒక్కటీ ఉండదు. తోలు మీద చేత్తో రాసిన ఆ చుట్ట గుణింతం లేని రాత. పదమూడేళ్ల పిల్లాడు వేడుకనాడు అందరి ముందు నిలబడి, చుక్కలూ రాగపు గుర్తులూ రెండూ మనసులోంచే తెచ్చుకుని, పాడుతున్నట్టు చదవాలి. చుట్టను వేలితో తాకకూడదు. చివర చిన్న చెయ్యి ఆకారం ఉన్న వెండి పుల్లతో మాట మాటకీ గురి పెట్టుకుంటూ పోవాలి. ఆ పుల్లను యాద్ అంటారు, మాటకు అర్థం చెయ్యి అనే. మొదటి తరగతిలో పిల్లలు ఐస్‌క్రీమ్ పుల్లకు అట్టతో చెయ్యి కత్తిరించి అంటించుకునే యాద్ దీనికి మొదటి మెట్టు.

చిన్నపిల్లలు అక్షరాల్లో అడుగుపెట్టే రోజున పలక మీద అక్షరాలకు తేనె రాసి నాకించే ఆచారం మధ్యయుగాల నాటిది. కొన్ని బళ్లు దాన్ని ఇంకా చేస్తున్నాయి. బియ్యంలో ఓనమాలు దిద్దించిన చేతులకు ఇది వింతగా ఏమీ అనిపించదు. గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రయిం అనే చిన్న యూదు సమాజం ఉంది. వాళ్ల ఇంటి భాష తెలుగు, ప్రార్థన కోసం నేర్చుకుంటున్నది హీబ్రూ. ఆ చుక్కల గుణింతాన్ని మన గుణింతం పక్కన పెట్టుకుని నేర్చుకునేవాళ్లు వాళ్లు.

ఇప్పుడు సంవత్సర చక్రం. యూదుల పంచాంగం మన పంచాంగం లాంటిదే. నెలలు చంద్రుణ్ని బట్టి, రుతువులు సూర్యుణ్ని బట్టి. చాంద్రమాన సంవత్సరం పదకొండు రోజులు తక్కువ పడుతుంది గనక వాళ్లకూ అధిక మాసం ఉంది. 19 ఏళ్లలో ఏడుసార్లు వస్తుంది. మన అధిక మాసం వేర్వేరు నెలలకు తగులుకోవచ్చు, వాళ్లది మాత్రం అదార్ అనే నెల దగ్గరే ఆగి ఆ నెలను రెండు చేస్తుంది. బడి ఏడాది సెప్టెంబరులో మొదలవుతుంది, వాళ్ల ఉగాది రోష్ హషనా కూడా ఇంచుమించు అప్పుడే. ఆపిల్ ముక్క తేనెలో ముంచుకోవడం, పొట్టేలు కొమ్ముతో చేసిన షోఫార్ ఊదడం మొదటి వారాల పని. కొమ్ములోంచి లోపలి ఎముక తీసేసి, కొన వేడి చేసి రంధ్రం పొడిచి చేసే ఈ బాకాకు ఇంకే తొడుగూ ఉండదు. ఊపిరి బలంతో ఊదేవాడికి గాలి తప్ప ఏమీ రాదు. పెదాలు బిగించి వాటిని అదిరించినవాడికే మోగుతుంది. క్లాసులో అందరికంటే బక్కపిల్ల ఊదగలగడం, కండలున్న కుర్రాళ్లు చెంపలు ఎర్రబడి కూర్చోవడం ప్రతి ఏడూ జరుగుతుందట.

రెండు వారాలకు సుక్కోత్, పందిళ్ల పండగ. పందిరి అన్న మాటకు ఇంతకంటే సరిపోయే పండగ లేదు. పూర్వీకులు ఎడారిలో తిరిగిన కాలానికి గుర్తుగా ఇంటి బయట సుక్కా అనే పందిరి వేసి ఏడు రోజులు అందులో తింటారు. కప్పు నేలలో మొలిచినదై, కోసినదై ఉండాలి. ఎండ కంటే నీడ ఎక్కువ పడాలి, అయినా సందుల్లోంచి రాత్రి చుక్కలు కనిపించాలి. గోడలు ఎన్ని కావాలన్నదానికి ఈ బళ్లలో చెప్పే కిటుకు నాకు మహా నచ్చింది. సుక్కా అన్న మాట హీబ్రూలో మూడు అక్షరాలు. మొదటి అక్షరం నాలుగు పక్కలా మూసుకున్న సున్నా లాంటిది, నాలుగు గోడలు. రెండోది ఒక పక్క తెరిచిన పెట్టె లాంటిది, మూడు గోడలు. మూడోదానికి రెండు గీతలు నిండుగా, మూడోది చిన్న ముక్క. రెండు గోడలూ ఇంకో బెత్తెడూ ఉన్నా చెల్లుతుందని శాస్త్రం. పేరు రాయడం వచ్చినవాడికి కొలతలు వచ్చేసినట్టే. పిల్లలు ఈ మూడు నమూనాలనూ బిస్కెట్లు గోడలుగా, చక్కెర ముద్ద అడుసుగా, ఉప్పు బిస్కెట్ పుల్లలు కప్పుగా నిలబెడతారు. సగానికి సగం కూలిపోతాయి. కూలినవి తినేయడానికి అభ్యంతరం లేదు.

ఆ పండగలో చేతపట్టే నాలుగు వస్తువులున్నాయి. విచ్చుకోని ఖర్జూరపు మొవ్వ, మూడు మిర్టిల్ రెమ్మలు, రెండు విల్లో రెమ్మలు, ఒక మాదీఫలం. పండగ అయిపోయాక మనవాళ్లయితే నీళ్లలో కలిపేస్తారు. ఇక్కడే ఈ బడి పనితనం అసలు బయటపడుతుంది. మాదీఫలాన్ని పారేయరు. పిల్లలు టూత్‌పిక్‌తో దాని తొక్క మీద చిన్న చిన్న బెజ్జాలు పొడిచి, ఒక్కో బెజ్జంలో ఒక్కో లవంగం గుచ్చుతారు. వరసలుగా గుచ్చుతారు కొందరు, తమ పేరులో మొదటి అక్షరం వచ్చేటట్టు గుచ్చుతారు ఇంకొందరు. బెజ్జం ముందు పొడవకుండా గుచ్చితే లవంగం తల ఊడి వస్తుంది, వేలూ నొప్పెడుతుంది. లవంగాల నూనెకు పండు కుళ్లకుండా నెమ్మదిగా ఎండి, గట్టిపడి, నెలల తరబడి వాసన వేస్తుంది. శనివారం రాత్రి విశ్రాంతి దినాన్ని సాగనంపే హవ్దలా అనే చిన్న వేడుకలో సుగంధం పీల్చే ఘట్టం ఒకటి ఉంది. ఈ పండు దానికి పనికొస్తుంది. అదే వేడుకకు ఒకటి కంటే ఎక్కువ వత్తులున్న కొవ్వొత్తి కావాలి. తేనెమైనపు పలచని రేకులు కత్తిరించి, వత్తి పెట్టి చుట్టి, అరచేతుల వేడికి మెత్తబడ్డాక మూడు పాయలుగా జడ అల్లుతారు. జడ వేయడం వచ్చిన ఆడపిల్లలు ఆరోజు టీచర్లు. మొవ్వనేమో అటక మీద ఎండబెట్టి ఉంచుతారు, ఆరు నెలల తర్వాత దానికో పని ఉంది.

హనుక్కా గురించి మొదటే చెప్పాను. నిజానికి యూదుల లెక్కలో అది చిన్న పండగ. క్రిస్మస్ పక్కన పడటంతో అమెరికాలో పెద్దదైపోయింది. బళ్లు కూడా ఆ ఊపులో కొంత కొట్టుకుపోతున్నాయని నాకనిపించింది. బొంగరం గురించి మాత్రం నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను. డ్రైడెల్ నాలుగు పలకల బొంగరం, తాడుతో పని లేదు, వేళ్లతో కాడ తిప్పి వదలాలి. ఒక్కో పలక మీద ఒక్కో అక్షరం: నూన్, గిమెల్, హే, షిన్. ఒకటి పడితే ఏమీ రాదు, ఒకటి పడితే కుప్పంతా నీదే, ఒకటి పడితే సగం, ఒకటి పడితే నువ్వే ఒకటి వేయాలి. ఈ అక్షరాలు మొదట యూరప్‌లో జూదపు బొంగరం మీద గుర్తులు. ఏమీ లేదు, అంతా, సగం, పెట్టు అన్న మాటల మొదటి అక్షరాలు. తర్వాతివాళ్లు వాటికే ‘అక్కడ గొప్ప అద్భుతం జరిగింది’ అన్న హీబ్రూ వాక్యం అతికించారు. ఇజ్రాయెల్‌లో అమ్మే బొంగరాల మీద చివరి అక్షరం మారుతుంది, ‘అక్కడ’ బదులు ‘ఇక్కడ’ అని. పిల్లలు పాడే పాటలో బొంగరం బంకమట్టిది. పాట విని మట్టితో చేస్తే అది తిరగదు. ఒక పక్క బరువు ఎక్కువై పడిపోతుంది, ఎప్పుడూ ఒకే అక్షరం చూపిస్తుంది. అట్టతో చతురస్రపు పెట్టె మడిచి నట్టనడుమ పెన్సిలు ముక్క గుచ్చినదే బాగా తిరుగుతుంది. పెన్సిలు కొనను ఎంత దించాలో పిల్లలు దించి చూసి, పైకి లాగి చూసి తెలుసుకుంటారు. ఆ అరగంటా టీచర్లు మాట్లాడరు.

జనవరిలోనో ఫిబ్రవరిలోనో తూ బిష్వాత్ వస్తుంది. చెట్ల పుట్టినరోజు అనుకోవచ్చు. బయట మోకాలి లోతు మంచు. అప్పుడు పిల్లలు కాగితపు గ్లాసుల్లో మట్టి పోసి పార్స్‌లీ గింజలు వేస్తారు. పార్స్‌లీ కొత్తిమీరకు చుట్టం లాంటి ఆకు. ఎందుకు పార్స్‌లీయే అంటే, షవాత్ నెల 15న వేసిన గింజ నీసాన్ నెల 15 నాటి పెసహ్ పండగ విందు బల్ల మీదికి ఆకై రావాలి. ఆ రెండు తేదీల మధ్య సరిగ్గా 59 రోజులు. పార్స్‌లీ బద్ధకపు మొక్క. మొలకెత్తడానికే రెండు మూడు వారాలు తీసుకుంటుంది, గుబురుగా పెరగడానికి రెండున్నర నెలలు పట్టొచ్చు. అందుకే తెలిసిన టీచర్లు గింజలను ముందురోజు రాత్రే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి తెస్తారు. విందుకు కావలసింది గుబురేమీ కాదు, ఒక్కొక్కరికి చిన్న రెమ్మ. 59 రోజులకు అంతే వస్తుంది. అధిక మాసం పడిన ఏడాది 89 రోజులు దొరుకుతాయి, ఆ ఏడు గ్లాసులు నిండుగా ఉంటాయి. పంచాంగంలో నెల పెరిగితే ఏమవుతుందో ఆకు కొలిచి చెప్పొచ్చు.

పూరిమ్ మన హోలీకి దగ్గర్లో, పున్నమి ముందు రోజుల్లో వస్తుంది. బైబిల్లోని ఎస్తేరు కథ చదువుతారు. పది అధ్యాయాలు, మొదటి నుంచి చివరి దాకా. ప్రతి మాటా అందరికీ వినపడాలన్నది నియమం. దుర్మార్గుడు హామాన్ పేరు రాగానే గోల చేసి ఆ పేరు వినపడకుండా చేయాలన్నది ఆచారం. ఈ రెండింటినీ కలిపి చూడండి. పిల్లలు గోల చేయాలంటే పేరు ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించి వినాలి. ఆ పేరు 54 సార్లు వస్తుంది. కథలో ఒక్క వాక్యం తప్పిపోకుండా పిల్లల చేత వినిపించే యంత్రం ఇది. గోలకు వాడే గిలకను గ్రాగర్ అంటారు. పళ్ల చక్రం ఒకటి పిడికి బిగించి ఉంటుంది. చట్రానికి అమర్చిన పలచని చెక్కనాలుక పంటి మీంచి పంటి మీదికి జారుతూ టకటకా కొట్టుకుంటుంది. ఎంత వేగంగా తిప్పితే అంత మోత. దీన్ని పిల్లలు చేయలేరు గనక రెండు కాగితపు పళ్లేలు బోర్లించి మధ్యలో చిక్కుడు గింజలు పోసి అంచులు పిన్ను కొట్టుకుంటారు. ఇంకా తెలివైన బళ్లు అదీ మానేశాయి. ఇంటి నుంచి ఒక్కొక్కరు విప్పని మాకరోనీ పెట్టె తెమ్మంటారు. ఆడిస్తే బ్రహ్మాండమైన మోత. కథ అయిపోయాక పెట్టెలన్నీ పేదలకు తిండి పంచే కేంద్రానికి వెళ్తాయి. పేదలకు దానం చేయడం పూరిమ్ నాటి విధుల్లో ఒకటి. గోల చేసిన వస్తువే ఆ విధినీ తీర్చేసింది. ఆ పెట్టెలు మోసుకెళ్లి కారు డిక్కీలో పేర్చిన కుర్రాడు ఒక పెట్టెను చివరిసారి ఆడించి మరీ లోపల పెట్టాడు.

వల్లెవేత గురించి ఆపిన మాట ఇక్కడ చెప్పాలి. ఈ బళ్లలో చదివి పెద్దవాళ్లైన చాలామంది, హీబ్రూ గడగడా చదవడం వచ్చింది గానీ ఒక్క ముక్కకు అర్థం తెలియదని నవ్వుతూ చెప్తారు. వారానికి మూడు గంటల్లో భాష రాదు. అమెరికాలో శని, ఆదివారాలు తెలుగు బడికి పిల్లల్ని దింపే మన తల్లిదండ్రులకు ఈ బాధ కొత్త కాదు. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి లాంటివి మోస్తున్నదీ ఈ బరువే. మనం పిల్లల చేత ముందు వర్ణమాల పూర్తి చేయించి, ఉగాదికి పద్యం చెప్పిస్తాం. వీళ్లు ఉగాది పచ్చడినే ముందు చేయించి, అందులో పడే ఆరింటి పేర్లతో అక్షరాలు మొదలుపెట్టే రకం. ఏది మెరుగంటే నేను ఈ రెండోదానికే ఓటేస్తాను. మా అమ్మాయికి వేపపువ్వు అన్న మాట నోట్లో చేదు తగిలిన తర్వాతే వచ్చింది.

పెసహ్ దగ్గరికి అన్ని దారాలూ వచ్చి కలుస్తాయి. ఈజిప్టు బానిసత్వం నుంచి బయటపడిన రాత్రి అది. పండక్కి రెండు వారాల ముందు బడిలో మాత్సా రొట్టె కాల్చే పని పెడతారు. పిండి ఒక బల్ల మీద, నీళ్లు దూరంగా ఇంకో బల్ల మీద. రెండూ కలిసిన క్షణం నుంచి గడియారం మొదలు. రొట్టె కాలి బయటికి రావడానికి మొత్తం 18 నిమిషాలు. దాటితే పిండి పులిసినట్టే లెక్క, పనికిరాదు. కలపడం, పిసకడం, అప్పడంలా పలచగా ఒత్తడం, ఉబ్బకుండా ముళ్ల చక్రంతో బెజ్జాలు పొడవడం, పొయ్యిలోకి తోయడం. ఒత్తేవాడి దగ్గర ఆలస్యమైతే బెజ్జాలు పొడిచేవాళ్లు అరుస్తారు. తొందర్లో బయల్దేరినవాళ్లు పిండి పులిసేదాకా ఆగలేకపోయారన్న వాక్యం ఆ రోజు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇక ఇళ్లలో పులిసిన పదార్థమంతా వెతికి, పండగ మొదలయ్యే ముందు పొద్దున తగలబెడతారు. అటక మీది ఖర్జూరపు మొవ్వ అప్పుడు కిందికి దిగుతుంది. నిప్పు రాజేయడానికి అది.

బడిలో మాత్సా కాల్చిన తర్వాతి ఆదివారం నమూనా విందు. విందును సెదెర్ అంటారు, వరస అని అర్థం. పదిహేను అంచెలు, ఏదీ ముందూ వెనకా కాకూడదు. ఆపిల్ ముక్కలు, దాల్చినచెక్క, ద్రాక్షరసం దంచి కలిపిన ఖరోసెత్ ఇటుకలకు పూసే అడుసుకు గుర్తు. ఉప్పునీళ్లు కన్నీళ్లకు. కారపు ముల్లంగి బానిస బతుకు చేదుకు. ఇంట్లో అయితే ఖరోసెత్‌లో వాల్‌నట్లు కూడా వేస్తారు, అలర్జీల భయంతో బడిలో వేయనివ్వరు. పిల్లలు తమ గ్లాసుల్లోంచి పార్స్‌లీ తుంచుకుని ఉప్పునీళ్లలో ముంచుతారు. భోజనానికి చాలా ముందు, ఆకలి మీద ఉన్నప్పుడు, ఒక్క రెమ్మ ముంచి తిని మళ్లీ ఆగిపోవడం. అర్థం లేని పనిలా ఉంటుంది, పిల్లలు ఇదేంటని అడగాలనే అలా పెట్టారు. తల్మూద్ గ్రంథంలోనే దీని గురించి చర్చ ఉంది. పిల్లలు నిద్రపోకుండా ఉండాలని రబ్బీ అకీవా పండగ సాయంత్రం వేయించిన గింజలూ పప్పులూ పంచేవాడని కూడా అందులోనే ఉంది. కథ చెప్పాలంటే ముందు ఎవరో ఒకరు అడగాలి. అందుకని అందరికంటే చిన్నవాళ్లు లేచి నాలుగు ప్రశ్నలు పాడాలి. ఈ రాత్రి మిగతా రాత్రుల్లా ఎందుకు లేదు, పొంగని రొట్టె ఎందుకు, చేదు ఎందుకు, రెండుసార్లు ముంచడం ఎందుకు, ఒరిగి కూర్చోవడం ఎందుకు. ఆదివారం బడిలో జనవరి నుంచి నేర్పించేది ఈ పాటే. చుక్కల గుణింతం చూసి కూడబలుక్కున్న మాటలు ఒక్కసారి ఇంటిల్లిపాదీ ఎదురుచూసే మాటలవుతాయి.

మా పక్కింటివాళ్లు ఒక ఏడు మమ్మల్ని తమ ఇంటి సెదెర్‌కు పిలిచారు. నట్లు జరిపి జరిపి పేర్చుకున్న ఆ పిల్ల వాళ్లమ్మాయే. నాలుగు ప్రశ్నలూ పాడింది, మూడోదాని దగ్గర తడబడి తాతగారి వైపు చూసింది, ఆయన పెదాలు మాత్రం కదిపాడు. బల్ల మధ్య మూడు మాత్సాలు గుడ్డ మడతల్లో ఉన్నాయి. ప్రశ్నలకు ముందే ఆయన నడిమిదాన్ని తీసి రెండుగా విరిచి పెద్ద ముక్కను పక్కన పెట్టాడు. దాన్ని అఫికోమన్ అంటారు. భోజనం తర్వాత అందరూ చివరగా తినాల్సింది ఆ ముక్కనే, అది తినకుండా మిగతా వరస సాగదు. ఆ ముక్కను పిల్లలు దొంగిలించి దాచడం ఆచారం. ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచేసరికి అది మాయమైంది. భోజనాలు అయ్యాయి. గడియారం పదకొండు చూపిస్తోంది. తాతగారు కూర్చున్నచోటే బేరం మొదలుపెట్టాడు. ఐదు డాలర్లన్నాడు. ఆ పిల్ల చేతులు కట్టుకుని కూర్చుని, సైకిలుకు కొత్త గంట కావాలంది.